పప్పు ఉడకని నీళ్ళు

అమెరికాలో, అరోరాలోని ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో ఎనిమిది నెలలైనా శ్రీవల్లికి తెలియలేదు. కుళాయి తిప్పితే వస్తాయి, ఆపితే ఆగుతాయి. ఫ్రిజ్జు తలుపుకి గ్లాసు ఆనిస్తే అక్కడా వస్తాయి. నరసన్నపేట దగ్గర ఆమె పెరిగిన పల్లెలో నీళ్ళకి ఊరూ పేరూ ఉండేవి. ఇవి మంచినీళ్ళ నూతివి, ఇవి కాలవవి, ఇవి బడి వెనక బోరింగువి అని గ్లాసు నోటికి ఆనించగానే తెలిసిపోయేది. ఇక్కడి నీళ్ళు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చామో చెప్పకుండా వచ్చి కూర్చున్న చుట్టాల్లా ఉండేవి. ఆ ఇంట్లో శ్రీవల్లి కూడా కొంచెం అలాగే ఉండేది.

నాన్న రాజారావు ఉద్యోగం మీద ముందు వచ్చాడు. తర్వాత అమ్మ వసంతలక్ష్మి వచ్చింది. శ్రీవల్లి పదో తరగతి అయ్యేదాకా అమ్మమ్మ దగ్గరే ఉండి, అమ్మమ్మ పోయాక పదహారో ఏట ఇక్కడికి చేరింది. అందుకని తల్లీ కూతుళ్ళు ఒకరితో ఒకరు చాలా మర్యాదగా మసలుకునేవాళ్ళు. "తిన్నావా తల్లీ?" "తిన్నానమ్మా." అంతే. ఆ ఇంట్లో కసురుకోవడం అన్నదే లేదు.

ఇప్పుడు వసంతలక్ష్మికి నాలుగో నెల. ఎదిగిన కూతురుండగా ఇదేమిటని ఫోన్లో చుట్టాలు చేసే వేళాకోళం ఒకవైపు, వేవిళ్ళు ఒకవైపు. మూడు వారాలుగా ఆమె కడుపులో ఏదీ నిలవలేదు. ఇడ్లీ నిలవలేదు, బ్రెడ్డు నిలవలేదు, డాక్టరు రాసిచ్చిన మాత్ర కూడా పది నిమిషాల్లో తిరిగి వచ్చేసింది. శుక్రవారానికి బరువు ఇంకా తగ్గితే హాస్పిటల్లో చేర్చుకుని సెలైన్ పెడతామని డాక్టరు చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి వసంతలక్ష్మి గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ఒక్కసారి మాత్రం ఎవరితోనూ కాకుండా అంది: "అమ్మ చేసే అంబలి ఒక్క గ్లాసుంటే బాగుణ్ణు. మొలక చోళ్ళది. పుల్లగా, పల్చగా..."

శ్రీవల్లి ఆ మాట పట్టుకుంది.

ఇండియన్ స్టోర్‌లో రాగుల ప్యాకెట్టు తెప్పించుకుంది. తమ వైపు చోళ్ళు అనేవి అవే. నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మూడో రోజుకి తెల్లటి మొలకలు దారాల్లా బయటికి రాగానే ఆరబెట్టి మిక్సీ పట్టింది. మూడు కుండలకి సరిపడా పిండి వచ్చింది. కుండంటే కుండ కాదు, నూనె రంగు పింగాణీ గిన్నె. ఇక చేయాల్సిందల్లా పిండిని గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పులియనివ్వడం. అమ్మమ్మ చేస్తుండగా వెయ్యిసార్లు చూసిన పని అది.

మొదటి కుండకి నీళ్ళు రాజారావు తెచ్చాడు. "డిస్టిల్డ్ వాటర్ అమ్మా. ఇంతకంటే ప్యూర్ ఈ దేశంలో దొరకదు." పిండి రెండు రోజులు ఆ నీళ్ళలో కూర్చుంది. పులవలేదు, తియ్యబడలేదు, మౌనంగా అడుగుకి దిగిపోయింది. వసంతలక్ష్మి లేచి వచ్చి సీసా మీద పేరు చూసి నీరసంగా నవ్వింది. "ఇస్త్రీపెట్టెలో పోసే నీళ్ళండీ ఇవి."

రెండో కుండకి శ్రీవల్లి తనే పరీక్ష పెట్టింది. నీళ్ళ మంచీ చెడూ తేల్చడానికి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలిసిన పరీక్ష ఒకటే. పప్పు ఉడకాలి. మూడు చిన్న గిన్నెల్లో గుప్పెడు గుప్పెడు కందిపప్పు వేసి, ఒకదాంట్లో వంటింటి కుళాయి నీళ్ళు, ఒకదాంట్లో పెరటి గొట్టం నీళ్ళు, ఒకదాంట్లో స్టోర్ సీసా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. వంటింటి కుళాయి నీళ్ళలో పప్పు వెన్నలా కరిగిపోయింది. అమ్మమ్మ చూస్తే మురిసిపోయేది. ఆ నీళ్ళతోనే అంబలి కలిపింది.

మర్నాటికి గిన్నెలోంచి కట్టుకట్టిన పుండు వాసన వచ్చింది. వేలు పెడితే జారుడుగా ఉంది. అయినా ఆశ చావక కాచి, చల్లార్చి, గ్లాసులో పోసి ఇచ్చింది. వసంతలక్ష్మి ఒక గుక్క తాగింది. బాత్రూమ్‌కి వెళ్ళి వచ్చింది. తడి మొహంతో కూతురి తల నిమిరి, "బాగానే ఉంది తల్లీ, నాకే పడలేదు" అంది.

వాంతి కన్నా ఆ మాటే శ్రీవల్లిని ఎక్కువ బాధపెట్టింది. చుట్టాల ఇంట్లో వంట బాగాలేకపోతే అనే మాట అది.

అప్పటికి మంగళవారం. డబ్బాలో ఒక్క కుండకే పిండి మిగిలింది. మళ్ళీ మొలక కట్టాలంటే శుక్రవారం దాటిపోతుంది.

ఎదురింటి ధర్మారావు అంకుల్ గ్యారేజీలో ఇంట్లోనే బీరు కాస్తాడని, అక్కడా ఇలాగే ఏవో గింజలు నానుతుంటాయని రాజారావు చెప్పాడు. "వెళ్ళి అడుగు" అన్నాడు. అడగడం అంటే శ్రీవల్లికి రోడ్డు దాటడం కాదు, సముద్రం దాటడం. పిండి డబ్బా గుండెకి హత్తుకుని, సగం ఎత్తిన గ్యారేజీ తలుపు బయట ఆమె చాలాసేపు నిలబడింది. లోపల్నుంచి వేయించిన గింజల వాసన, తడి గోనెసంచి వాసన, తేనె లాంటి ఇంకేదో వాసన వచ్చి కాళ్ళ చుట్టూ తిరిగాయి.

"ఏంది బిడ్డా, బయటనే నిలబడ్డవ్? లోపలికి రా." నిజామాబాద్ నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చిన మనిషి, మాట మాత్రం నిన్ననే విమానం దిగినట్టుంటుంది. "గా డబ్బాల ఏంది?"

"చోళ్ళ పిండి అంకుల్."

"చోళ్ళంటే?" మూత తీసి వాసన చూశాడు. ముఖం విచ్చుకుంది. "అరె, తైదలు! మొలక కట్టినవా? నువ్వే?"

తలూపింది.

ఇంట్లోకి వెళ్ళే తలుపు దగ్గర్నుంచి ఆయన భార్య రాధారాణి ఆంటీ అందుకుంది. "ఇంకేం, దొరికింది నీకు జోడు! కారేమో బయట మంచుల నానుతది, నీ గింజలేమో లోపల వెచ్చగ పండుకుంటయ్."

"నువ్వాగు. బిడ్డా, దీన్ని గోరువెచ్చటి నీళ్ళల్ల పెడితె తియ్యగ, పల్చగ అయితది గదా? దాన్ని మేము మాషింగ్ అంటం. తర్వాత పులుస్తది. నీదీ నాదీ ఒకటే పని. నాది గ్లాసుల పోస్తె నురుగు, గంతే. నీకు చూపిస్త గని తాగనియ్య, మీ నాయన నన్ను తంతడు."

శ్రీవల్లికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు మాట కూడా వచ్చింది. రెండు కుండల కథా చెప్పేసింది. ధర్మారావు విని, నాలుగు గ్లాసుల్లో నాలుగు రకాల నీళ్ళు పోసి బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఏది ఏందో చెప్పు."

ఆమె ఒక్కో గ్లాసూ కళ్ళు మూసుకుని తాగింది. "ఇది ఇస్త్రీపెట్టె నీళ్ళు. లోపల ఎవరూ లేని ఇల్లులా ఉంది. ఇది మా వంటింటిది లాంటిదే, నాలుక మీద జారిపోతోంది. ఇందులో మందు ఉంది. ఇది..." నాలుగోది రెండుసార్లు తాగింది. "ఇది కొంచెం నయం. ఇందులో రాయి ఉంది. కానీ చాలా దూరంగా ఉంది."

ధర్మారావు భార్యవైపు చూశాడు. "పదేండ్ల సంది నేను మీటర్ పెట్టి చూస్తున్న. ఈ పిల్లకు నాలుకే మీటర్."

తర్వాత విడమరిచి చెప్పాడు. శ్రీవల్లి వాళ్ళింట్లో ఇదివరకటి ఓనరు సాఫ్ట్‌నర్ అనే యంత్రం పెట్టించాడు. అది నీళ్ళలోని సున్నాన్ని తీసేసి ఉప్పుని పెడుతుంది. అందుకే పప్పు వెన్నలా ఉడుకుతుంది. కానీ మొలక గింజలోని పిండి తియ్యబడాలంటే ఆ సున్నమే కావాలి. పెరటి గొట్టానికి సాఫ్ట్‌నర్ ఉండదు గానీ, పైపు నీళ్ళన్నిట్లోనూ పురుగు పట్టకుండా కలిపే మందు ఉంటుంది. ఇక్కడ కలిపే రకం ఒక రాత్రి ఉంచినా పోదు. పులియబెట్టే ప్రాణాన్ని అది లేవనివ్వదు. సీసా నీళ్ళు ఒక్కో సీసా ఒక్కో తీరు.

"నేనైతె గీ బిళ్ళ వేసి మందు పోగొడత, గీ తెల్ల పొడి వేసి సున్నం పెంచుత. కావాల్నా?"

శ్రీవల్లి బిళ్ళ వైపు చూసింది. "అమ్మకి బిళ్ళలు పడటం లేదు అంకుల్."

ఆయన బిళ్ళల సీసా పక్కన పెట్టేశాడు. "ముప్పావు గంట డ్రైవ్ చేస్తె ఒక ఫారెస్ట్ ప్రిజర్వ్ ఉంది, చిన్న అడవి లెక్క. అండ్ల చేతిపంపు ఉంది. నీళ్ళు టెస్ట్ చేసి బోర్డు పెడతరు. ముసలోళ్ళు క్యాన్లు పట్టుకొని లైన్ కడతరు. నేనెప్పుడు తాగి చూడలె."

"చేతిపంపంటే," శ్రీవల్లి గొంతు మారిపోయింది, "బోరింగా?"

బుధవారం బడి వదలగానే బయల్దేరారు. వెనక సీట్లో ఆరు ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగులుకుంటూ బోలుగా మోగుతుంటే, ఆ మోతలో శ్రీవల్లికి బిందెలు వినిపించాయి. ముందు సీట్లో రాధారాణి ఆంటీ "నీళ్ళ కోసం ముప్పావు గంట పోయేది మనమొక్కళ్ళమే" అని మొదలుపెట్టి, కార్లు నిండిన పార్కింగ్ లాట్ చూసి ఆపేసింది.

చెట్లన్నీ పసుపూ ఎరుపూ అయిపోయిన కాలం అది. ఆకులు రాలడం లేదు, తీరుబడిగా దిగుతున్నాయి. వాటి మధ్యలో, ఎవరో మర్చిపోయి వెళ్ళినట్టు, ఆకుపచ్చ రంగు వేసిన బోరింగు నిలబడి ఉంది. దాని ముందు వరస. తలకి రుమాలు కట్టుకున్న అవ్వ, చక్రాల బండిలో క్యాన్లు పెట్టుకున్న తాత, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకొచ్చిన నాన్న. ముందున్నవాళ్ళ క్యాను నిండగానే వెనకవాళ్ళు తమ క్యాన్లని ఒక అడుగు ముందుకి జరుపుతున్నారు. చూస్తూ చూస్తూ శ్రీవల్లికి తను ఏ ఊళ్ళో ఉందో ఒక్క క్షణం మర్చిపోయినట్టయింది. అమెరికాలో ఇన్నాళ్ళూ తనకి తెలియకుండా ఈ వరస ఇక్కడ ఇలా నడుస్తూనే ఉందా? ఏదైనా ఒక బిందె చంకనెట్టుకుని వచ్చి నిలబడితే సరిపోయేదా?

అవ్వ వంతు వచ్చింది. పిడి రెండుసార్లు నొక్కి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. శ్రీవల్లి ఎవరినీ అడగలేదు. ముందుకి వెళ్ళి పిడి అందుకుంది. మొదట చిన్నగా నాలుగు, తర్వాత నిండుగా, ఒంటి బరువంతా వేసి. ఆ చేతికి తెలిసిన పని అది. భూమి లోపల ఎక్కడో గొంతు సవరించుకున్న చప్పుడైంది. తర్వాత నీళ్ళు.

"ఓరి దేవుడా," రాధారాణి ఆంటీ అంది, "మాట రాని పిల్ల అనుకున్న, పంపు చూస్తే పులి లెక్కుంది."

అవ్వ తన భాషలో ఏదో అంది. దోసిలి పట్టమన్నట్టు చేతులు కలిపి చూపించింది. శ్రీవల్లి దోసిలి పట్టి తాగింది.

ముందు చల్లదనం. తర్వాత కొంచెం తుప్పు. ఆ వెనక నాలుకకి రెండు వైపులా పట్టుకున్న రాయి. దూరంగా కాదు, నోటి నిండా.

ఆ రుచితోపాటు ఊరికి అవతల జీడితోట పక్కనున్న రాతినుయ్యి లేచి వచ్చి ఆ చెట్ల మధ్య నిలబడింది. ఆ నూతి నీళ్ళకి పప్పు ఉడకదు, సబ్బు నురగదు అని ఊరంతా దాన్ని వదిలేసింది. అమ్మమ్మ మాత్రం రోజూ పొద్దున్నే మంచినీళ్ళ నుయ్యి దాటుకుని అంత దూరమూ నడిచి, ఒక చిన్న బిందెడు తెచ్చుకునేది. ఎందుకని అడిగితే "కుండకి" అనేది. అంబలి కుండ కడుక్కోవడానికి కాబోలనుకుంది చిన్నప్పటి శ్రీవల్లి. పనికిమాలిన నీళ్ళు పనికిమాలిన పనికే కదా అనుకుంది. కడగడానికి కాదు. కుండలో పొయ్యడానికి. పప్పుకి ఒక నుయ్యి, అంబలికి ఒక నుయ్యి. పదేళ్ళు పక్కనే నడిచి, ఆ ఒక్క సంగతీ చూడకుండా వచ్చేసింది.

ధర్మారావు తన మీటరు నీళ్ళలో ముంచి ముఖం చిట్లించాడు. "వామ్మో. సున్నం మీ ఇంటి బయటి నీళ్ళకంటె డబుల్. వద్దు బిడ్డా. గీ నీళ్ళతోని నా బీర్ అయితె పాడయితది. పప్పు గూడ ఉడకది."

"ఉడకదు కదా అంకుల్?" శ్రీవల్లి ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "నిజంగా ఉడకదు కదా?"

"ఉడకది అంటె నీ మొహం గట్ల వెలుగుతదేంది?"

"ఇవే కావాలి. ఆరు క్యాన్లూ ఇవే."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. మీటరు చూశాడు, పిల్లని చూశాడు, మీటరు జేబులో పెట్టుకున్నాడు. "సరే. తైదలు నల్లటి గింజ. నల్ల గింజకు రాతినీళ్ళు పడతయంటరు."

ఆ సాయంత్రం శ్రీవల్లి డబ్బా బోర్లించి, అడుగున అంటుకున్నది కూడా వేలితో గీకి, చివరి పిండి కలిపింది. గిన్నెకి గుడ్డ కట్టి ఓవెన్‌లో పెట్టి, వేడి వెయ్యకుండా లైటు మాత్రం వేసింది. ఈ ఊరి తెలుగు ఆడవాళ్ళు చలికాలం ఇడ్లీ పిండికి చేసే ఉపాయం అది. చీకటి వంటింట్లో ఓవెన్ అద్దం వెనక పసుపుపచ్చ వెలుగులో ఆ గిన్నె, ఎవరో దీపం పెట్టుకుని కూర్చున్నట్టు కనిపించింది.

గురువారం పొద్దున్న వేలు ముంచి చూస్తే తియ్యగా ఉంది, నీళ్ళలా పల్చబడింది. మొదటి రెండుసార్లూ ఇది జరగలేదు. బళ్ళో ఆ రోజు టీచర్లు చెప్పినవేవీ ఆమెకి వినిపించలేదు. ఇంటికి రాగానే చెవి గిన్నెకి ఆనించింది. చిటపటమని, దూరంగా వాన మొదలైనట్టు, లోపల చిన్న చిన్న బుడగలు పగులుతున్నాయి. పుల్లటి వాసన ముక్కుకి సన్నగా గుచ్చుకుంది.

నూకలు వేసి కాచింది. చల్లార్చి, మజ్జిగ కలిపి, ఉప్పు వేసి, ఉల్లిపాయ తరిగి స్టీలు గ్లాసులో పోసింది.

వసంతలక్ష్మి మంచం మీద లేచి కూర్చుని గ్లాసు అందుకుంది. వాసన చూసి ఆగింది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క. తర్వాత గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రాజారావు గుమ్మంలో నిలబడి బాత్రూమ్ తలుపు తీసి పట్టుకున్నాడు. మాత్ర కడుపులో ఉన్నది పది నిమిషాలు. శ్రీవల్లి గోడ గడియారం చూస్తూ నిలబడింది. ఐదు. ఎనిమిది. పది. పన్నెండు.

వసంతలక్ష్మి కళ్ళు తెరిచింది.

"ఉల్లిపాయ ఇలాగేటే తరగడం? గొడ్లకి వేసినట్టు ఇంతింత ముక్కలు! ఉప్పు చెయ్యి కూడా నీకు అమ్మమ్మ నేర్పలేదేటి? ఇంకో గ్లాసు తే. ఈసారి సన్నంగా తరుగు."

శ్రీవల్లి వంటింట్లోకి పరిగెత్తింది. ఈ ఇంట్లో ఎనిమిది నెలల్లో తనని ఎవరైనా తిట్టడం అదే మొదటిసారి. ఉల్లిపాయ తరుగుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి, ఎంత సన్నగా తరిగితే అంతగా.

శుక్రవారం శ్రీవల్లి బడి మానేసి వెంట వెళ్ళింది. క్లినిక్‌లో వసంతలక్ష్మి బరువు పెరగలేదు, తగ్గనూ లేదు. ముందురోజు సాయంత్రం నుంచి నాలుగు గ్లాసులు నిలిచాయని విని, అదేమిటో రాసుకుని, ఇంకో వారం చూద్దాం అంది డాక్టరు. సెలైన్ మాట ఎత్తలేదు.

కారెక్కాక వసంతలక్ష్మి సీటు వెనక్కి వాల్చుకుంది. "ఏవండీ, ఇది నీళ్ళు తెచ్చిన బోరింగు ఎటుంది? పోనివ్వండి. చోళ్ళు మళ్ళీ మొలక కట్టాలి, ఆ ఆరు క్యాన్లూ ఎన్నాళ్ళొస్తాయి?"

మధ్యాహ్నం కావడంతో వరస లేదు. ఆకులు మాత్రం మొన్నటిలాగే తీరుబడిగా దిగుతున్నాయి. వసంతలక్ష్మి కారు దిగి, చున్నీ నడుముకి బిగించి పిడి మీద చెయ్యి వేసింది.

"అమ్మా, నువ్వు కొట్టకూడదు. జరుగు."

"మహా తెలిసినట్టు చెప్పొచ్చావులే. కొట్టు మరి."

శ్రీవల్లి కొట్టింది. భూమి గొంతు సవరించుకుంది. వసంతలక్ష్మి వంగి దోసిలి పట్టి తాగి, నీళ్ళు మోచేతుల మీంచి కారుతుండగా అలాగే ఉండిపోయింది. ఎక్కడో చూస్తోంది. ఎక్కడ చూస్తోందో శ్రీవల్లికి తెలుసు. జీడితోట పక్కన.

"ఒసే," అంది చివరికి, మూతి తుడుచుకోకుండానే. "ఈ నీళ్ళకి పప్పు ఉడకదే."

"ఉడకదు" అంది శ్రీవల్లి.

కారు డిక్కీలోంచి రెండు ఖాళీ క్యాన్లు తెచ్చిన రాజారావు, ఒకటి పంపు కింద పెట్టి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పప్పు ఉడకని నీళ్ళకి ఇంత దూరం ఎందుకొచ్చాం మరి?"

తల్లీ కూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే శ్రీవల్లి పిడి కొడుతోంది. ఆ నవ్వు ఆగేలోపు మొదటి క్యాను నిండి, అంచు దాటి, ఎర్రటి ఆకుల మీదికి పొర్లిపోయింది.